కొబ్బరినూనెలో ఐదు వేల వోల్టులు

ట్రాన్స్‌ఫార్మర్ అనగానే మావాళ్ళందరూ వీధి చివర స్తంభానికి వేలాడే బూడిదరంగు డబ్బావైపు చూస్తారు. కరెంటు పోయినప్పుడు తిట్టుకోవడానికి దేవుడిచ్చిన వస్తువు అది. నేను చెప్పేది దాని గురించి కాదు. నేను చుట్టేది అరచేతిలో పట్టేస్తుంది, బరువు పావుకిలో కూడా ఉండదు, కానీ దాని కొసనుంచి ఐదు వేల వోల్టులు బయటికొస్తాయి. ఈ మాట చెప్పినప్పుడల్లా మా ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటారు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా ఆ అలవాటు మానలేదు.

మాది కొత్తపేట. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకోవడం నా ఉద్యోగం. మా నాన్నగారు బజారులో టీవీలు బాగుచేసే కొట్టు నడిపేవారు. ఆ కొట్టు వెనక గదిలో కూర్చుని కాలిన ట్రాన్స్‌ఫార్మర్లు విప్పడం, చుట్లు లెక్కపెట్టడం, మళ్ళీ అన్ని చుట్లూ చుట్టడం, ఇవీ నా వేసవి సెలవులు. అక్క ఆ గదిలో అడుగు పెట్టేది కాదు, వార్నిష్ వాసనకి తలనొప్పి వస్తుందనేది. నాన్నగారు పోయాక ఆ కొట్టులోంచి నేను తెచ్చుకున్నది ఒక్కటే, చేత్తో తిప్పే వైండింగ్ మిషను. ఇప్పుడది మా మేడమీద గదిలో ఉంది. దాని ముందు కూర్చుంటే నాకు ఎక్కడలేని ఓపికా వస్తుంది. మనుషుల దగ్గర మాత్రం అందులో పదోవంతు కూడా చూపించనని మా ఇంట్లో అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఈ ఐదు వేల వోల్టుల గొడవలోకి నన్ను దింపింది మా బావగారు, అంటే అక్క భర్త. పన్నెండేళ్ళు మస్కట్‌లో లారీ నడిపి, ఇక చాలనుకుని వచ్చేసి, మామిడికుదురు దగ్గర ఏటిగట్టు పక్కన రొయ్యపిల్లల నర్సరీ పెట్టారు. హేచరీ నుంచి కంటికి ఆనీ ఆనని పిల్లల్ని తెచ్చి, సిమెంటు ట్యాంకుల్లో మూడు వారాలు పెంచి, కాస్త బలం వచ్చాక చెరువుల రైతులకి ఇవ్వడం ఆ పని. ఆ పిల్లల్ని అక్కడ అందరూ సీడు అంటారు. సీడుకి ప్రాణం నీళ్ళే, గండమూ నీళ్ళే. మొదటి రెండు విడతలూ ఏటి నీళ్ళతో వచ్చిన ఏదో తెగులుకి తెల్లారేసరికి చచ్చి తేలిపోయాయి. ఆ కబురు చెబుతూ అక్క ఫోనులో ఏడవలేదు. దాంతో నాకు మరీ భయం వేసింది.

నీళ్ళలో తెగులు చంపడానికి ఓజోన్ పనికొస్తుందని ఎవరో చెబితే, బావగారు ఎక్కడినుంచో పాత ఓజోన్ మిషను ఒకటి తెచ్చారు. గాజు గొట్టంలో హై వోల్టేజి పెట్టి, అందులోంచి గాలి పంపితే, ఆ గాలిలో కొంత ఓజోన్‌గా మారుతుంది. మిషను నెలరోజులు పనిచేసి, ఒకరోజు నల్లటి పొగ వదిలి ఊరుకుంది. దాని గుండెకాయలాంటి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. అది విడిగా అమ్మరట. బావగారు ఆ మిషను ఆటోలో వేసుకుని మా ఇంటికి తెచ్చి, హాలు మధ్యలో దించారు.

"ఇంజనీరు గారూ, ఇదేదో చచ్చిపోయిందండి. మీరు ముట్టుకుంటే లేచి కూర్చుంటుందేమో చూడండి" అన్నారు.

బావగారు నన్ను ఆటపట్టించేటప్పుడే ఇంజనీరు గారూ అంటారు, మీరు అంటారు, మాటకో అండీ తగిలిస్తారు. మామూలుగా అయితే అమ్మా, నువ్వూను. ఆవేళ ఆయన నవ్వుతూనే ఉన్నారు, కానీ ఆయన వెళ్ళిన అరగంటకి అక్క ఫోను చేసింది.

"ఒసేయ్, మస్కట్ నుంచి ఆ పాత యజమాని మళ్ళీ ఫోను చేసేడే. లారీ అలాగే ఉంచేను, ఎప్పుడొస్తావని అడిగేడంట. ఈయన శివరాత్రి దాకా టైమడిగేరు. ఈలోగా నర్సరీ నిలబడితే సరే, లేకపోతే వెళ్ళిపోతానని నాతో చెప్పేసేరు. నువ్వు ఆ డబ్బా ఎలాగైనా బాగుచెయ్యవే."

అప్పటికి వైశాఖం. పన్నెండేళ్ళ మస్కట్‌లో బావగారు సెలవు మీద ఇంట్లో ఉన్న రోజులన్నీ కలిపితే రెండేళ్ళు కావు. ఆయన వచ్చేశాక అక్క గొంతులోనే తేడా వచ్చింది, ఫోను తీయగానే నవ్వడం నేర్చుకుంది. అందుకే "చూస్తాలే" అని నా మామూలు విసుగుతో అన్నాను గానీ, ఆ సాయంత్రమే కాగితం, పెన్సిలూ తీశాను.

మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇనపరేకులుంటాయి. గోడ ప్లగ్గులో కరెంటు సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది. అంత తీరిగ్గా ఊగేదానితో పని చేయించాలంటే బోలెడు ఇనుమూ, బోలెడు రాగీ కావాలి. అదే కరెంటుని సెకనుకి ముప్ఫై వేలసార్లు వేసి ఆపి, వేసి ఆపి, దానికి ఊపిరి తిరక్కుండా చేస్తే ఫెర్రైట్ అనే చిన్న నల్లటి ముక్క సరిపోతుంది. పాడైన కంప్యూటర్లలోంచి ఆ ముక్కలు దొరుకుతాయి. అవి జిగురుతో అంటుకుని ఉంటాయి కాబట్టి నీళ్ళలో మరగబెట్టి విడదియ్యాలి. పింగాణీలా పెళుసు, తొందరపడితే పుటుక్కుమంటాయి. ఆ ఆదివారం మా ఆయన పొయ్యిమీద గిన్నె చూసి టీ అనుకుని మూత తీశారు. తరవాత వారంరోజులు ఆయన టీ ఆయనే పెట్టుకున్నారు.

లెక్క సులువే. ఇటు ముప్ఫై చుట్లు, అటు వెయ్యి చుట్లు, చుట్టుకి ఐదు వోల్టుల చొప్పున ఐదు వేలు. తంటా అంతా ఆ వెయ్యి చుట్లనీ ఎలా కూర్చోబెట్టాలన్న దగ్గరే. మొదటిది నాన్నగారి పద్ధతిలో చుట్టాను. ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక వరస, దానిమీద టేపు, మళ్ళీ వెనక్కి ఒక వరస. తల వెంట్రుకంత తీగ, రెండు ఆదివారాలు పట్టింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ల్యాబులో కరెంటు ఇస్తే నాలుగు సెకన్లు బ్రహ్మాండంగా పనిచేసి, ఐదో సెకనులో నీలంగా మెరిసి, చేపల వేపుడు మాడిన వాసన వేసింది. వెనక్కి తిరిగొచ్చిన వరస చివరి చుట్టు, కింది వరస మొదటి చుట్టు మీద కూర్చుంటుంది. ఆ రెండింటికీ మధ్య వందల వోల్టుల తేడా, అడ్డంగా ఒక్క టేపు. నేను ఏటా విద్యార్థులకి బోర్డుమీద గీసి చూపించే బొమ్మే ఇది. వాళ్ళు తప్పు రాస్తే మార్కులు కోసేదాన్నీ నేనే.

రెండోసారి బుద్ధి తెచ్చుకుని, తీగ చుట్టే బాబిన్‌ని ఎనిమిది గదులు చేశాను. గదికి నూట పాతిక చుట్లు, ఒక గది నిండాకే పక్క గదిలోకి వెళ్ళాలి. పడని తోడికోడళ్ళకి వేరు వాటాలు ఇచ్చినట్టన్నమాట, ఎవరి వోల్టేజి వాళ్ళ వాటాలోనే ఉంటుంది. గదుల మధ్య గోడలకి పల్చగా, గట్టిగా, కరెంటుని దాటనివ్వని రేకు కావాలి. నాన్నగారు ఇలాంటివాటికి పాత ఎక్స్‌రే ఫిల్ములు కడిగి వాడేవారు. ఇప్పుడు ఎక్స్‌రేలు ఫోనుకే పంపేస్తున్నారు, అసలైన ఫిల్ము ఎక్కడ దొరుకుతుందని ఫోనులో అక్కతో గొణిగాను.

మర్నాడే అక్క బస్సెక్కి వచ్చింది. సంచిలోంచి పెద్ద పాత కవరు తీసి నా ముందు పెట్టింది. అందులో బావగారి ఛాతీ ఎక్స్‌రే ఉంది. మొట్టమొదట మస్కట్ వెళ్ళేటప్పుడు మెడికల్ టెస్టుకి తీయించింది. అప్పటినుంచీ బీరువాలో పట్టుచీరల కింద దాచింది.

"ఇది కోసెయ్యవే."

"బావగారిని అడిగేవా?"

"ఊపిరితిత్తులు ఆయన దగ్గరే ఉన్నాయి కదా, వాటి బొమ్మతో ఏం పనీ?" అంది.

వాషింగ్ సోడా కలిపిన వేడినీళ్ళలో నానబెట్టి పీచుతో రుద్దితే నలుపంతా వదిలి, ఫిల్ము అద్దంలా తేలుతుంది. ఆ రుద్దడం అక్కే చేసింది. పక్కటెముకలు ఒక్కొక్కటే కరిగి తూములోకి పోతుంటే అలా చూస్తూ నిలబడింది. నేనేదో హాస్యమాడబోయి, తన మొహం చూసి మానేశాను. వార్నిష్ వాసనకి పారిపోయే మనిషి, ఆవేళ గోడలన్నీ నేను కత్తిరించి అమర్చేదాకా నా పక్కనే కూర్చుంది.

ఇక మిగిలింది నూనె. హై వోల్టేజికి గాలి చాలా బలహీనమైన అడ్డం. తీగల సందులో ఒక్క బుడగ ఉన్నా నిప్పురవ్వ అక్కడే పుడుతుంది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్‌ని నూనెలో ముంచుతారు. దానికి వేరే నూనె ఉంది, స్తంభం మీది డబ్బాల్లో పోసేది అదే. కొనబోతే పీపా అయితేనే ఇస్తామన్నారు. నాకు కావలసింది రెండు గ్లాసులు. వంటనూనెల్లాంటివి కూడా ఇందుకు పనికొస్తాయని ఎక్కడో చదివిన గుర్తు. కోనసీమలో పుట్టి నూనెకోసం వెతుక్కోవడమేమిటని నవ్వొచ్చింది. అక్క వాళ్ళ పెరటి చెట్ల కాయలు, తనే కురిడీలు కొట్టి ఎండబెట్టి, మిల్లు దగ్గర నిలబడి ఆడించుకున్న నూనె, సీసాలో తెచ్చి ఇచ్చింది. అందులో చెమ్మ పోవాలని సన్నసెగమీద కాచాను.

"కరివేపాకు వెయ్యనా?" అంది అక్క గుమ్మంలోంచి. కసిరాను.

చల్లారాక, స్టీలుడబ్బాలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నూనె పోసి, ఆ డబ్బాని ప్రెషర్ కుక్కర్‌లో దించాను. మూతకి బదులు దళసరి గాజుపలక పెట్టి, పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో లోపలి గాలంతా లాగాను. తీగల సందుల్లోంచి బుడగలు గంటసేపు పైకి వస్తూనే ఉన్నాయి. మా ఆయన కూడా కుర్చీ ముందుకి జరుపుకుని చూశారు. బుడగలు ఆగాక డబ్బాకి మూత బిగించాను. మూతమీద హై వోల్టేజి తీగ బయటికి రావడానికి పాత స్పార్క్ ప్లగ్గు పింగాణీ అమర్చాను.

బావగారు దాన్ని తిన్నగా నర్సరీకి పోనివ్వలేదు. ఐనవిల్లి వినాయకుడి దగ్గర ఆటో ఆపించారు.

"పరీక్షలకి పిల్లలు పెన్నులు పూజ చేయించుకుంటారు కదండీ ఇంజనీరు గారూ. ఇదీ పరీక్షేనండి" అన్నారు.

పూజారిగారు ఒకటి చాలదని మూడు కుంకుమబొట్లు పెట్టారు. మూడోది సరిగ్గా ఆ పింగాణీ మీద పడింది. కుంకుమకి చెమ్మ పట్టిందంటే కరెంటు దాన్నే దారి చేసుకుంటుంది. నర్సరీలో బిగించేటప్పుడు, బావగారు అటు తిరగ్గానే స్పిరిట్ గుడ్డతో ఆ ఒక్క బొట్టూ తుడిచేశాను. ఆయన చూడలేదనుకున్నాను.

స్విచ్ వేశాం. సన్నగా జుమ్మని చప్పుడు, ఆ వెనకే ఉరుముల వాన వెలిశాక వచ్చే వాసన. అదే ఓజోన్. ఆ వాసన తగిలేసరికి నాకు కళ్ళు చెమర్చాయి. అక్క నా భుజం గట్టిగా పట్టుకుంది. బావగారు మాత్రం గాలి పీల్చి చూసి, "ఇదేంటండీ, డబ్బాడు కొబ్బరినూనె పోసేం, కొబ్బరి వాసనే రాదేంటండీ" అన్నారు.

నర్సరీలో పని ఇలా సాగేది. ఏటి నీళ్ళు ముందు పెద్ద ట్యాంకులోకి తోడతారు. తెల్లవారగానే అందులోకి ఓజోన్ వదులుతారు. ఓజోన్ అంతా పోయాక మధ్యాహ్నానికి ఆ నీళ్ళు సీడు ట్యాంకుల్లోకి మారుస్తారు. వానాకాలమంతా మిషను ఒక్కరోజు కూడా ఆగలేదు. రెండు విడతల సీడు చక్కగా ఎదిగి చెరువులకి వెళ్ళింది. ల్యాబులో నేను ఎవరు అడిగినా, అడక్కపోయినా ఈ సంగతి చెప్పేదాన్ని. గర్వం వచ్చిందని ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

మార్గశిరంలో ఒకరోజు పొద్దున్నే బావగారి ఫోను. "ఇంజనీరు గారూ, మీ మిషను అలిగిందండి. చిటుక్కుమంటోంది, ఆగిపోతోంది."

లోపల నిప్పురవ్వ పుడితే తనంతట తను ఆగిపోయే ఏర్పాటు నేనే పెట్టాను. సెలవు పెట్టి, అమలాపురంలో బస్సు మారి, పదిన్నరకి నర్సరీ చేరాను. మూత తీసి చూశాను. నూనె తేటగా ఉంది, తీగలు చెక్కుచెదరలేదు. స్విచ్ వేస్తే జుమ్మంది. బావగారు నోరు తెరిచారు.

"పొద్దున్న నిజంగానే ఆగిందండి."

నాలుగురోజులకి మళ్ళీ ఫోను. మళ్ళీ సెలవు, రెండు బస్సులు, పదిన్నర. మళ్ళీ జుమ్మంది. "మీరొస్తున్నారంటే భయపడి పనిచేస్తోందండి" అన్నారు బావగారు. మూడోసారి నాకు ఒళ్ళు మండింది. పొద్దున్నే తడిచేతులతో ముట్టుకుంటున్నారేమో, మోటారుతో కలిపి ఒకే ప్లగ్గులో పెడుతున్నారేమో, అసలు స్విచ్ వేస్తున్నారో లేదో అని నోటికొచ్చినట్టు మాట్లాడాను. బావగారు అన్నీ విన్నాక అన్నారు.

"ఒకమాట అడుగుతానమ్మా, కోప్పడకు. ఆవేళ నువ్వు వినాయకుడి బొట్టు తుడిచేసేవు కదూ?"

ఆయన అండీలు మాని నువ్వు అన్నారంటే విషయం ముదిరిందన్నమాట.

"చూసేరా?"

"చూసేను. చదువుకున్నదానివి, ఏదో కారణం ఉంటుందిలే అనుకున్నాను."

ఏడునెలలు ఆ మాట కడుపులో పెట్టుకున్న మనిషిమీద ఇంతసేపూ అరిచానని సిగ్గేసింది.

అప్పటికే కొత్త విడత సీడు ట్యాంకుల్లో పడింది. మిషను పది దాటితే గానీ మొదలవకపోవడంతో నీళ్ళు సాయంత్రానికి గానీ సిద్ధం కావడం లేదు. రోజూ మార్చాల్సిన నీళ్ళలో సగమే మారుతున్నాయి. పిల్లలు మేత సరిగ్గా తీసుకోవడం లేదు. పుష్యం సగం గడిచింది, శివరాత్రి దగ్గరపడుతోంది. శుక్రవారం అక్క ఫోను చేసింది.

"ఆయన నిన్న అటకమీంచి పెద్ద సూట్‌కేసు దింపేరే. దులిపి ఎండలో పెట్టేరు" అంది.

శనివారం సాయంత్రం బట్టలు సర్దుకుని అక్కా వాళ్ళింటికి వెళ్ళిపోయాను. ఆ ఇల్లు నర్సరీ ఆవరణలోనే. ఆదివారం తెల్లవారుతుండగా లేచాను. ఏటిమీంచి మంచు దట్టంగా వచ్చి కొబ్బరిచెట్ల మొదళ్ళు కనబడటం లేదు. శాలువా కప్పుకుని షెడ్డులోకి వెళ్ళి స్విచ్ వేశాను. చిటుక్కు. మళ్ళీ వేశాను. చిటుక్కు. మొదటిసారి ఆ మిషను నా ఎదుట తప్పుచేసింది. వచ్చే కరెంటు కొలిచాను, సరిగ్గా ఉంది. కరెంటుని ముప్ఫై వేలసార్లు వేసి ఆపే సప్లై బోర్డు విప్పి ఒక్కొక్కటే చూశాను, అన్నీ సవ్యంగా ఉన్నాయి. ముప్పావుగంటలో మిషనునీ, చలినీ, సీడునీ, నా చదువునీ వరసపెట్టి తిట్టేశాను. బావగారు అలవాటుగా రెండడుగుల దూరంలో నిలబడ్డారు. అక్క వచ్చి నా రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కెళ్ళింది.

"ఇలా కూర్చో. ఆ జుట్టేంటే, పిచ్చిదానిలాగ. తలకి చమురు పెడతాను, బుర్ర చల్లబడుతుంది."

చిన్నప్పటినుంచీ నా కోపానికి అక్క దగ్గరున్న మందు అదొక్కటే. పీటమీద కూర్చున్నాను. అక్క గూట్లోంచి సీసా తీసి అరచేతిలోకి వంచింది. ఏమీ రాలేదు. అడుగున తట్టింది, అప్పుడూ రాలేదు.

"పేరుకుపోయింది. ఉండు, వేడినీళ్ళలో పెట్టి తెస్తాను" అంటూ లేచింది.

నేను ఆ సీసావైపు చూశాను. లోపల నూనె తెల్లగా, నిలవనెయ్యిలా గడ్డకట్టి ఉంది.

జుట్టు విరబోసుకునే షెడ్డుకి పరిగెత్తాను. డబ్బా మూత తీశాను. తెల్లగా, చెంచా దిగనంత గట్టిగా ఉంది. అంతేకాదు, నూనె పేరుకుంటూ కుంచించుకుపోయి తీగలనుంచి విడిపోయింది, చుట్టూ సన్నటి పగుళ్ళు పడ్డాయి. కుక్కర్‌లో గంటసేపు తంటాలుపడి నేను బయటికి లాగిన ఖాళీలన్నిటినీ చలి తిరిగి తెచ్చిపెట్టింది. నిప్పురవ్వలకి అంతకంటే మంచి చోటేముంది? నేను బస్సులు మారి వచ్చేసరికి రేకుల షెడ్డు వేడెక్కి, నూనె కరిగి, ఏమీ ఎరగనట్టు తేటగా కూర్చునేది.

చలికాలం పొద్దున్నే పెరటిగోడమీద ఎండలో నూనెసీసా పెట్టని ఇల్లు మా వైపు ఉందా? మా ఇంట్లో ఆ పని చిన్నప్పుడు నాదే. బయటి ఊరి ఇంజనీరుకైతే ఇందులో కొబ్బరినూనె పొయ్యాలన్న ఊహే రాదు. మా ఊళ్ళో మిగతావాళ్ళెవరైనా అయితే పేరుకుంటుందని ముందే చెప్పేవారు. ఇంజనీరునీ, కోనసీమదాన్నీ రెండూ అయ్యి నేను ఈ ఘనకార్యం చేశాను. అక్కడే నేలమీద కూలబడి పడీపడీ నవ్వాను. షాక్ కొట్టిందేమోనని అక్క కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

సంగతి చెప్పాను. బావగారు శ్రద్ధగా విని, గట్టిగా ఊపిరి వదిలారు. "ఆయ్. అంటే బొట్టు తుడిచినందుకు కాదన్నమాటండి." ఆయన అండీలు తిరిగొచ్చాయి.

అక్క బకెట్టుల కొద్దీ వేడినీళ్ళు కాచింది. పెద్ద బేసినులో డబ్బా దించి, నీళ్ళు మార్చి మార్చి పోశాం. నూనె అంచులనుంచి మొదలై నెమ్మదిగా కరిగింది. ట్రాన్స్‌ఫార్మర్ పైకి తీసి వెలుతురులో చూశాను. ఇన్నిరోజుల నిప్పురవ్వలకి రెండు గోడలమీద నల్లటి చుక్కలు పడ్డాయి, కానీ ఒక్కటీ చిల్లిపడలేదు. నా సంతోషంలో నోరు జారింది.

"మీ ఊపిరితిత్తులు గట్టివి బావగారూ!"

"నా ఊపిరితిత్తులేంటండీ?"

అక్క తల దించుకుంది. తను ఆయనకి చెప్పలేదని అప్పుడు తెలిసింది. ఇక దాచి లాభం లేక ఎక్స్‌రే సంగతి చెప్పేశాను. బావగారు ట్రాన్స్‌ఫార్మర్ చేతిలోకి తీసుకుని, నూనె కారుతున్న ఆ గోడల్ని చాలాసేపు చూశారు. తరవాత అక్కవైపు చూశారు.

"పోన్లెద్దూ. అక్కడ దుమ్ము మింగేయి, ఇక్కడ నీళ్ళకి పనికొచ్చేయి" అన్నారు.

తొమ్మిదవుతుండగా, ఒక్క బుడగ కూడా లేదని నిర్ధారణ చేసుకుని స్విచ్ వేశాను. జుమ్మంది. వాన వెలిసిన వాసన షెడ్డంతా నిండింది. ఈ నూనె తీసేసి అసలు ట్రాన్స్‌ఫార్మర్ నూనె తెప్పిస్తానని నేనంటే అక్క మొహం చిన్నబోయింది. బావగారైతే ఒప్పుకోనే లేదు. "మా చెట్ల నూనె తీసేస్తారేంటండీ. దానికి చలేస్తే దుప్పటి కప్పుదాం" అన్నారు. సరేనని చెక్కపెట్టె చేయించి, డబ్బా కింద ఒక జీరో బల్బు పెట్టాను. పాతరకం బల్బు, వెలుగు తక్కువ, వేడి ఎక్కువ. మర్నాడు పొద్దున్న అక్క ఫోను చేసి మాట్లాడకుండా ఫోనుని మిషను దగ్గర పెట్టింది. ఆ చప్పుడు విని మళ్ళీ పడుకున్నాను.

ఆ విడత సీడు బతికింది. శివరాత్రికి రెండురోజుల ముందు సూట్‌కేసు మళ్ళీ అటకెక్కిందని తెలిసింది. మస్కట్ యజమానికి బావగారు రానని చెప్పలేదు, వచ్చే ఏడు చూద్దామన్నారు. ఆ మరుసటేడూ అదే అన్నారు. ఏటా కార్తీకంలో నేను వెళ్ళి డబ్బా విప్పి, నూనె మళ్ళీ కాచి పోసి, బల్బు చూసి వస్తాను. ఏటా అక్క నన్ను అడిగేది ఒకటే, ఈ ఏడు కూడా నడుస్తుందా అని. నడుస్తుందే అంటాను. మిషను గురించే అడుగుతోందని ఇద్దరం నటిస్తాం.

మొన్న కార్తీకంలో వెళ్ళినప్పుడు అక్క నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. బీరువాలో పట్టుచీరల కిందినుంచి బావగారి పాస్‌పోర్టు తీసి, చివరి తేదీమీద వేలు పెట్టింది. గడువు దాటి రెండునెలలైంది.

"ఆయనకి గుర్తులేదే. నేను చెప్పలేదు. నువ్వూ చెప్పకు" అంది గుసగుసగా. కళ్ళు మెరుస్తున్నాయి, దొంగతనం చేసిన చిన్నపిల్లలా ఉంది. సరేనన్నాను.

షెడ్డులోకి వెళ్ళేసరికి బావగారు చెక్కపెట్టె ముందు గొంతుక్కూర్చుని కొత్త బల్బు బిగిస్తున్నారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"ఒకమాటమ్మా. నా పాస్‌పోర్టు గడువు అయిపోయింది. మళ్ళీ తీసుకోలేదు, ఇంక తీసుకోను. మీ అక్కకి మాత్రం చెప్పకు, ఇంక వేరే ఆధారం లేదని భయపడుతుంది."

ఆయనకి కూడా సరేనన్నాను. బల్బు వెలిగింది.